టెండరు పిలిచే అధికారులకు బహిరంగ లేఖ: మా ప్రశ్నలకు జవాబులు కావాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డిజిటల్ సేవల పనులకు టెండర్లు పిలిచే ప్రభుత్వ శాఖల, నగరపాలక సంస్థల, పురపాలక సంఘాల అధికారులకు,

నమస్కారం.

నేను నెల్లూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో 11 ఏళ్లుగా ప్రభుత్వ టెండర్లకు ప్రతిపాదనలు తయారు చేయించే పనిలో ఉన్నాను. మా సంస్థలో 22 మంది పనిచేస్తున్నారు. వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు, దరఖాస్తులు నమోదు చేసి వాటి కదలికను చూపే వ్యవస్థలు తయారు చేస్తాం. మీ టెండరు ప్రకటన పోర్టల్‌లో కనిపించిన గంట నుంచి బిడ్ అప్‌లోడ్ అయ్యే చివరి నిమిషం వరకు మా వైపు జరిగే ప్రతి పనికీ నేను జవాబుదారీ. ఈ లేఖలో ఏ కార్యాలయం పేరూ ప్రస్తావించను. నేను చెప్పబోయే ఇబ్బంది దాదాపు అన్ని చోట్లా ఒకే రూపంలో ఎదురైంది, దాన్ని సరిదిద్దే అధికారం మీలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది.

నా విన్నపం సూటిగా చెబుతాను. బిడ్ వేయడానికి ముందు మేము రాసి పంపే ప్రశ్నలకు అర్థమయ్యే జవాబులు ఇవ్వండి. ఆ జవాబులు చదివి ప్రతిపాదనను మార్చుకోవడానికి తగినన్ని రోజులు ఇవ్వండి.

ప్రతిపాదన అంటే ఒక ధర వేసి పంపడమే కదా అని చాలామంది అనుకుంటారు. టెండరు పత్రం చేతికి రాగానే నేను దాన్ని ఆసాంతం చదివి, 'ఉండాలి', 'సమర్పించాలి', 'జతచేయాలి' అని ముగిసే ప్రతి వాక్యాన్నీ విడదీసి ఒక పట్టికలోకి ఎక్కిస్తాను. ఒక మోస్తరు పత్రంలోనే అటువంటి వాక్యాలు రెండు వందల దాకా తేలుతాయి. ఒక్కొక్కదాని ఎదురుగా జవాబు ఎవరు రాయాలి, ఏ కాగితం జతచేయాలి, ఆ కాగితం మన దగ్గర ఉందా, లేకపోతే ఎన్నాళ్లలో వస్తుంది అన్నది రాసుకుంటాం. ఆ పట్టిక ముందు పెట్టుకుని మా యజమాని, సాంకేతిక బృందం పెద్ద, లెక్కలు చూసే ఆయన, నేను కూర్చుని ఈ పనికి వెళ్లాలా మానాలా అని తేల్చుకుంటాం. వెళ్లాలనుకుంటే ఆ రోజు నుంచి పరుగు మొదలవుతుంది. చార్టర్డ్ అకౌంటెంటు నుంచి టర్నోవరు ధ్రువపత్రం, స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన ప్రమాణపత్రాలు, పాత పనులు పూర్తి చేసినట్లు ఆయా శాఖలు ఇచ్చిన పత్రాలు, బ్యాంకు నుంచి ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు), పని ఎలా చేస్తామో వివరించే అధ్యాయాలు, పని చేయబోయే మనుషుల అనుభవ వివరాలు, అన్నిటికన్నా కష్టమైన అంచనా లెక్క, ఆఖరున డిజిటల్ సంతకం. ఐదుగురు మనుషులు మూడు వారాలు దీనిమీదే ఉంటారు. పని రాకపోతే ఆ ఖర్చు మాదే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. పోటీలో దిగినవారు భరించవలసిన ఖర్చే అది.

నా బాధ ఆ అంచనా లెక్క గురించి. ఒక అనుభవం చెబితే అది మీకు స్పష్టమవుతుంది.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన రెండేళ్లకు ఒక కార్యాలయం తన పరిధిలోని ప్రజల దరఖాస్తులను ఆన్‌లైన్‌లోకి తెచ్చే వ్యవస్థకు టెండరు పిలిచింది. పని వివరణలో 'పాత రికార్డులన్నింటినీ డిజిటల్ రూపంలోకి మార్చాలి' అని ఒకే ఒక వాక్యం ఉంది. ఆ రికార్డులు ఎన్ని పేజీలు? ఏ సంవత్సరం నుంచి? రిజిస్టర్లలో చేతిరాతతో ఉన్నాయా, కంప్యూటర్ ముద్రణలో ఉన్నాయా? 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కనుక, అక్కడి పాత రికార్డులు ఒంగోలులోనే ఉన్నాయా, ఉంటే వాటిని తెప్పించే బాధ్యత ఎవరిది? ఇటువంటివి మొత్తం 23 ప్రశ్నలు రాసి, ప్రశ్నలు పంపే గడువుకు రెండు రోజుల ముందే పంపాం, బిడ్‌లు వేయడానికి ముందు అధికారులు జరిపే ప్రీబిడ్ సమావేశానికి స్వయంగా వెళ్లాం. వారం తర్వాత జవాబుల పట్టిక వచ్చింది. 19 ప్రశ్నల ఎదురుగా 'టెండరు పత్రం ప్రకారమే' అని ఉంది. మూడింటికి 'పని అప్పగించిన తర్వాత తెలియజేయబడును' అని ఉంది. ఈఎండీ ఏ ఖాతాకు చెల్లించాలన్న ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు దొరికింది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో దయచేసి మా కుర్చీలోంచి చూడండి. ముప్పై వేల పేజీలు ఉంటాయని ఊహిస్తే ఒక ధర, మూడు లక్షల పేజీలు ఉంటాయని ఊహిస్తే దానికి ఎన్నో రెట్ల ధర. బిడ్ వేసే నలుగురూ నాలుగు రకాలుగా ఊహిస్తారు. అనుభవం ఉన్నవాడు పాత కార్యాలయాల బీరువాలు చూసినవాడు కనుక ఎక్కువ ఊహిస్తాడు. ఎన్నడూ ఆ గదిలో అడుగు పెట్టనివాడు తక్కువ ఊహిస్తాడు. అందరికన్నా తక్కువ ధర వేసినవాడే ఎల్-1 అవుతాడు కనుక, మీ పనిని అందరికన్నా తక్కువ అర్థం చేసుకున్న సంస్థకే ఆ పని దక్కుతుంది. ఆరు నెలలు గడిచాక బీరువాలు తెరిచిన రోజున అసలు లెక్క బయటపడుతుంది. అదనపు సొమ్ము అడిగితే మీరు ఇవ్వలేరు, ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఇవ్వకపోతే ఆ సంస్థ పనిని సగంలో నిలిపేస్తుంది. ఎవరు మోసం చేశారని వెతికితే ఎవరూ దొరకరు. జవాబు ఇవ్వని ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆదిలో హంసపాదు పడింది.

మా ప్రశ్నల్లో కొన్ని మీకు చిన్నవిగా తోచవచ్చు. ఉదాహరణకు, దరఖాస్తులో పేరు ఎలా నమోదు చేయాలి అని మేము ప్రతిసారీ అడుగుతాం. ఎక్కడో తయారైన నమూనా నుంచి తీసుకున్న పత్రాల్లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు ఉంటాయి. మన వాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి ఒక్క అక్షరంగానే వస్తుంది, పెళ్లయిన ఆడవాళ్లలో కొందరి ఇంటిపేరు ఒక కార్డులో ఒకటి, ఇంకో కార్డులో మరొకటి. వెంకటేశ్వర్లు అన్న పేరును ఆంగ్ల అక్షరాల్లో ఎన్ని విధాలుగా రాస్తారో ఏ సచివాలయ ఉద్యోగిని అడిగినా చెబుతారు. తెలుగులో రాసిన పేరునూ ఆంగ్లంలో రాసిన పేరునూ ఒకే మనిషివిగా పోల్చి చూపే ఏర్పాటు కావాలా వద్దా అన్నది పది రోజుల పనికీ రెండు నెలల పనికీ ఉన్న తేడా. ఆ ఏర్పాటు లేకపోతే ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు వచ్చిన మనిషి, పేరు సరిపోలడం లేదని మళ్లీ బస్సెక్కవలసి వస్తుంది. నేను ఆ ప్రశ్న రాసేటప్పుడు నా కళ్ల ముందు ఉండేది ఆయనే.

అలాగే తెరలు తెలుగులో ఉండాలా, రెండు భాషల్లోనూ ఉండాలా? తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చూపు లేనివారు వాడుకునేలా ఉండాలా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలు అలా ఉండాలనే చెబుతున్నాయి. మీ పత్రంలో ఆ మాట లేకపోతే, దాన్ని పాటించడానికి ఖర్చు లెక్కవేసిన సంస్థ ధర పెరిగి వెనకపడుతుంది. ప్రజలకు తెరవక ముందు, కేంద్ర సైబర్ భద్రతా విభాగమైన సెర్ట్-ఇన్ గుర్తించిన సంస్థచేత భద్రతా తనిఖీ చేయించాలి కదా, ఆ రుసుము ఎవరు భరించాలి అన్న ప్రశ్న కూడా ఇటువంటిదే. ఒక్క వాక్యంలో మీరు చెప్పగలిగిన జవాబు అది.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. టెండరు పెట్టెలో కవరు వేయడానికి వెళ్లినవారిని బయటే అడ్డుకునే రోజులు దానితో పోయాయి, మా వంటి చిన్న సంస్థలు పెద్దవాటితో సమానంగా పోటీలో నిలబడగలిగాయి. ఆ మేలును నేను ఎన్నడూ మరవను. అయితే పోర్టల్ మా కవరును మీ దగ్గరికి భద్రంగా చేర్చగలదు కానీ, మీ మనసులో ఉన్న అవసరాన్ని మా దగ్గరికి చేర్చలేదు. ఆ పని ప్రీబిడ్ సమావేశంలో జరగాలి. నేను వెళ్లిన సమావేశాల్లో ఎక్కువ భాగం అరగంటలో ముగిసినవే. రేపు ఆ వ్యవస్థను వాడబోయే గుమాస్తాలు గానీ, క్షేత్రస్థాయి ఉద్యోగులు గానీ వాటిలో ఉండరు. ఒక్కసారి మాత్రం ఒక అధికారి తన సీనియర్ సహాయకురాలిని పిలిపించి, రోజుకు ఎన్ని అర్జీలు వస్తాయో, ఏ వారంలో రద్దీ ఉంటుందో మా అందరి ముందూ చెప్పించారు. ఆమె పావుగంట మాట్లాడారు. ఆ టెండరులో బిడ్ల మధ్య ధరల తేడా నేను చూసినవాటన్నింటిలోకీ తక్కువ. పని మాకు రాలేదు. వచ్చిన సంస్థ దాన్ని సకాలంలో పూర్తి చేసింది, ఆ వ్యవస్థ నేటికీ నడుస్తోంది.

రోజుల సంగతికి వస్తాను. కేంద్ర ప్రభుత్వం పాటించే సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో, టెండరు ప్రకటన వెలువడిన నాటి నుంచి బిడ్ వేయడానికి మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలని ఉంది. మన రాష్ట్ర శాఖలు తమ సొంత ఉత్తర్వుల ప్రకారం నడుస్తాయని, అత్యవసరం అయినప్పుడు గడువు తగ్గించక తప్పదని నాకు తెలుసు. కానీ గడువు ఎంతైనా, అందులో సగం రోజులు జవాబుల కోసం ఎదురుచూడడంలోనే పోతున్నాయి. ఒకసారి రెండో శనివారానికి ముందు శుక్రవారం సాయంత్రం కారిజెండం, అంటే టెండరు పత్రానికి సవరణ, వెలువడింది. సర్వర్ల సామర్థ్యం మారింది, నిర్వహణ కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ధరల పట్టిక నమూనా కూడా మారింది. బిడ్ గడువు మాత్రం సోమవారం మధ్యాహ్నం మూడు గంటలే. రెండేళ్ల అదనపు నిర్వహణకు ఎంతమంది మనుషులు, ఎంత జీతం, ఎంత పెరుగుదల అన్నది ఆదివారం రాత్రి కూర్చుని తేల్చవలసి వచ్చింది. అటువంటి లెక్క కాకిలెక్కే అవుతుంది. ఆ లెక్క మీదే మీరు ఐదేళ్లు ఆధారపడాలి. పని పరిధిని గానీ ధరల పట్టికను గానీ మార్చే కారిజెండం ఇచ్చినప్పుడు, ఆ రోజు నుంచి కనీసం ఏడు పనిదినాలు గడువు ఉండేలా చూడమని వేడుకుంటున్నాను.

అర్హత నిబంధనల గురించి కూడా ప్రశ్నలు పంపుతుంటాం. వాటికి జవాబు రావడం మరీ అరుదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరు 17న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక కొలత ఉంది. గత మూడేళ్ల సగటు టర్నోవరు పని అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. గత ఏడేళ్లలో అటువంటి పనులు 40 శాతం విలువకు మూడు గానీ, 50 శాతానికి రెండు గానీ, 80 శాతానికి ఒకటి గానీ చేసి ఉండాలి. ఇది నిర్మాణ పనులను దృష్టిలో పెట్టుకుని చెప్పినదే అయినా చాలా కార్యాలయాలు నేటికీ దీన్నే ఆధారంగా తీసుకుంటాయి. ఈ కొలత ప్రకారం చూసినా 40 లక్షల పనికి 12 లక్షల సగటు టర్నోవరు చాలు, 32 లక్షల విలువైన పని ఒక్కటి చేసి ఉంటే చాలు. నేను చూసిన ఒక పత్రంలో దాదాపు అంతే విలువ గల పనికి 5 కోట్ల టర్నోవరు అడిగారు. ఎందుకు అని రాశాం. 'టెండరు పత్రం ప్రకారమే' అని వచ్చింది. వేరే పెద్ద పని కోసం రాసిన పత్రాన్ని మార్చకుండా వాడి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే ఒకచోట మరో శాఖ పేరు మిగిలిపోయి ఉంది. మా ప్రశ్నను ఎవరైనా నిజంగా చదివి ఉంటే ఆ పొరపాటు ఆ రోజే దొరికేది.

ధర ఒక్కటే చూసి పని అప్పగించే పద్ధతి గురించి నేను పెద్ద వాదన పెట్టుకోను. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనలు, తగిన సందర్భాల్లో నిర్మాణ పనులకూ కన్సల్టెన్సీ కాని సేవలకూ కూడా నాణ్యతకు 30 శాతం వరకు వెయిటేజీ ఇవ్వడానికి దారి తెరిచాయి. మీ శాఖకు అటువంటి వెసులుబాటు ఉందో లేదో మీకే తెలియాలి. వెసులుబాటు ఉన్నచోట నాణ్యతను పేజీల సంఖ్యతో మాత్రం కొలవకండి. అమెరికా ప్రభుత్వంలో 18ఎఫ్ అనే డిజిటల్ సేవల బృందం 2015లో సంస్థలను ఎంపిక చేసుకోవడానికి, ఔషధాలకు సంబంధించిన ప్రజా సమాచారం ఇచ్చి, దానితో పనిచేసే చిన్న నమూనా తయారు చేసి చూపమని అడిగింది, రాసిన కోడ్‌ను అందరూ చూడగలిగేలా పెట్టమంది. 2013 అక్టోబరు 1న తెరిచిన వారి ఆరోగ్య బీమా వెబ్‌సైటు తొలి రోజుల్లోనే కుప్పకూలిన అనుభవం తర్వాత వచ్చిన మార్పుల్లో ఇది ఒకటి. మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఒక్క దరఖాస్తు ఫారాన్ని తెలుగులో, మామూలు ఫోనులో, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో పనిచేసేలా చేసి చూపించమనండి. రెండు వందల పేజీల ప్రతిపాదన చెప్పలేనిది అది పది నిమిషాల్లో చెబుతుంది.

మా వైపు తప్పులు లేవని నేను అనను. కొన్ని సంస్థలు ఒక జిల్లాకు రాసిన ప్రతిపాదనను పేరు మార్చి మరో జిల్లాకు పంపడం, పని దక్కించుకోవడానికి గిట్టని ధర వేసి తర్వాత మనుషులను తగ్గించడం, పత్రంలో చూపిన అనుభవజ్ఞులను పనిలోకి దింపకపోవడం నాకు తెలుసు. ప్రీబిడ్‌లో అడగవలసిన ప్రశ్నను కావాలనే అడగకుండా ఉంచి, పని వచ్చాక దాన్ని అదనపు చెల్లింపుకు సాకుగా వాడేవారూ ఉన్నారు. అటువంటివారికి మీ మౌనమే ఆయుధం. మీరు ప్రతి ప్రశ్నకూ రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, ఆ జవాబులను ఒప్పందంలో భాగం చేస్తే ఆ సాకు వారికి మిగలదు.

ఫలితం వెలువడిన తర్వాత కూడా ఒక జవాబు బాకీ ఉంటుంది. మా బిడ్‌ను ఎందుకు తిరస్కరించారు, సాంకేతిక పరిశీలనలో ఎక్కడ మార్కులు తగ్గాయి అన్నది అడిగినప్పుడు చెప్పండి. బిడ్ వేసినవారు అడిగితే తిరస్కరణకు కారణం చెప్పాలని సాధారణ ఆర్థిక నియమావళి అంటోంది. ఒకసారి ఒక ప్రమాణపత్రం పాత నమూనాలో జతచేయడం వల్ల మా బిడ్ పక్కకు పోయింది. ఆ సంగతి నాకు నాలుగు నెలల తర్వాత మాటల మధ్య తెలిసింది. ఆ మధ్యలో మరో రెండు టెండర్లకు అదే తప్పు చేశాం. ఒక్క పంక్తి రాసి పంపి ఉంటే ఆ రెండూ మిగిలేవి. ఈఎండీ సంగతీ ఇంతే. కాంట్రాక్టు అప్పగించిన 30వ రోజు లోపు పని దక్కనివారి ధరావతును తిరిగి ఇవ్వాలని ఆ నియమావళి చెబుతోంది. 40 లక్షల పనికి 2 నుంచి 5 శాతం అంటే 80 వేల నుంచి 2 లక్షలు. మా వంటి సంస్థకు అది కొందరి నెల జీతం, అది ఇరుక్కుపోతే తర్వాతి టెండరుకు వెళ్లలేం.

2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న మన మిత్ర వాట్సాప్ సేవలు వచ్చాయి. ప్రజలు ప్రభుత్వాన్ని ఫోనులో చూడడానికి అలవాటు పడ్డారు. జిల్లా స్థాయిలో మీరు పిలిచే చిన్న చిన్న టెండర్లు కూడా ఇకపై ఎక్కువగా ఇటువంటి పనులకే ఉంటాయి. కొత్తపట్నం తీరంలోని రొయ్యల రైతు వివరాలైనా, కోవూరులోని వరి రైతు అర్జీ అయినా ఏదో ఒక సంస్థ రాసిన ప్రతిపాదనలోంచే వారి చేతి ఫోనులోకి చేరాలి.

మీలో ఏ ఒక్క కార్యాలయమైనా వచ్చే టెండరులో ఈ పద్ధతిని ప్రయత్నించి చూడమని కోరుతున్నాను. ప్రకటనలోనే ప్రశ్నలు పంపే తేదీ, జవాబులు ఇచ్చే తేదీ, బిడ్ గడువు మూడూ ప్రకటించండి, రెండో తేదీ ఆలస్యమైతే మూడోదాన్ని అన్ని రోజులూ పొడిగిస్తామని రాయండి. ప్రీబిడ్ సమావేశానికి ఆ వ్యవస్థను రోజూ వాడబోయే ఉద్యోగి ఒకరిని కూర్చోబెట్టండి. ఈ 11 ఏళ్లలో జవాబు రాని మా ప్రశ్నలన్నింటినీ రికార్డులు, భాష, భద్రత, నిర్వహణ, చెల్లింపులు అని విభాగాలుగా పేర్చి ఉంచాను. మీ కార్యాలయంలో ఏ టెండరూ నడవని సమయం చూసి పిలిస్తే, ఆ పట్టికను తెచ్చి అందరికీ అందుబాటులో ఉండే విధంగా మీకు అప్పగిస్తాను. మీ తర్వాతి పత్రం రాసేటప్పుడు అందులోని ప్రశ్నలకు జవాబులు ముందే చేర్చుకోవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
ప్రతిపాదనల విభాగం నిర్వాహకుడు,
ఒక డిజిటల్ సేవల సంస్థ, నెల్లూరు